జంషెడ్‌పూర్‌లో వనంగుడులు

1902లో జంషెట్‌జీ టాటా తన కొడుకు దొరాబ్‌కి ఒక ఉత్తరం రాశారు. అప్పటికి కర్మాగారం లేదు, ఇనుపరాయి ఎక్కడ తవ్వాలో తేలలేదు, ఊరు ఏ నది ఒడ్డున లేస్తుందో ఎవరికీ తెలీదు. అయినా పెద్దాయన కట్టబోయే ఊరి సంగతి పూసగుచ్చినట్టు రాశారు. వీధులు వెడల్పుగా ఉండాలి. పక్కన నీడనిచ్చే చెట్లు నాటాలి, అందులో ఒకటి విడిచి ఒకటి తొందరగా ఎదిగే రకం కావాలి. పచ్చికకీ ఆటలకీ చోటు వదలాలి. హిందువుల గుళ్ళకీ ముసల్మానుల మసీదులకీ క్రైస్తవుల చర్చిలకీ స్థలాలు ముందే గుర్తు పెట్టాలి. ఆ తర్వాత రెండేళ్ళకే, 1904 మే నెలలో, ఆయన జర్మనీలో కన్నుమూశారు. ఊరిని చూడలేదు. ఏటా మార్చి 3న ఆయన పుట్టినరోజుకి ఊరంతా దీపాలు పెట్టి ఆ ఉత్తరం తలుచుకుంటాం. మా ఊరి బడిపిల్లలకి అది ఎక్కాలతో పాటు వస్తుంది.

నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్రాయింగ్ బల్ల ముందు నిలబడి ప్లాన్లు గీశాను. కాగితం మీద చోటు చూపించడమే నా పని కాబట్టి, ఆ ఉత్తరం వినపడినప్పుడల్లా నన్ను ఒక ప్రశ్న గీరుతూ ఉండేది. గుళ్ళకి చోటు వదలమన్నారు, బాగుంది. ఆ చోట అప్పటికే ఉన్న గుళ్ళ మాటేమిటి?

ఉన్నాయా అంటారా? ఉన్నాయి. కాకపోతే మ్యాపు గీసేవాడికి కనపడవు. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీటులో గుడికో గుర్తు ఉంది, మసీదుకో గుర్తు, చర్చికో గుర్తు. ఈద్గాకీ ఉంది, సమాధికీ ఉంది. ఇక్కడి ఆదివాసులైన సంతాలుల జాహేర్‌థాన్‌కి లేదు. ఆ చోట చెట్లున్నాయని చూపించవచ్చు, అంతే. చెట్ల కింద దేవుడున్నాడని చూపించే గుర్తు నాకెవరూ నేర్పలేదు.

జాహేర్‌థాన్ అంటే ఊరి చివర కొట్టకుండా వదిలేసిన సాల చెట్ల తోపు. అడవి నరికి పొలం చేసుకున్నప్పుడే, మొట్టమొదట వచ్చిన కుటుంబాలు ఆ తోపుని పక్కన పెడతాయి. వరసగా ఉన్న మూడు సాల చెట్ల మొదట్లో మరాంగ్ బురు, జాహేర్ ఎరా, మోరేకో తురుయికో అనే దేవతలకు రాళ్ళు ఉంటాయి. గోసాయ్ ఎరాకి ఇప్పచెట్టు కింద చోటు. పూజ చేసేవాణ్ణి నాయకే అంటారు. గోడ లేదు, కప్పు లేదు, తలుపు లేదు. ఫాల్గుణంలో సాల చెట్టు పూతకొచ్చినప్పుడు బాహా పండగ చేస్తారు. ఆ పండగ అయ్యేదాకా కొత్త పువ్వు ఆడవాళ్ళు జడలో పెట్టుకోరు. పక్క ఊరివాళ్ళు హో తెగవాళ్ళైతే వాళ్ళ తోపు దేవుడు దేశౌలి. వాళ్ళ చనిపోయినవాళ్ళ అస్థికల మీద పెద్ద పెద్ద పలకరాళ్ళు పరిచి ఉంటాయి, వాటిని ససన్‌దిరి అంటారు. ఈ ప్రాంతంలో మనిషి చేత్తో నిలబెట్టిన కట్టడాల్లో పాతవేవని నన్నడిగితే ఆ పలకరాళ్ళనే ముందు చూపిస్తాను. కట్టడం అంటే ఇటుకా సున్నమూ అనుకునేవాళ్ళకి అవి ఆనవు.

ఉత్తరాంధ్రవాళ్ళకి ఇది అర్థం కాకపోవడానికి కారణం లేదు. విజయనగరం పైడితల్లమ్మకి రెండు గుళ్ళున్నాయి కదా. రైల్వే స్టేషన్ దగ్గర వనంగుడి, మూడులాంతర్ల దగ్గర చదురుగుడి. అమ్మవారు ఏడాదిలో కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ ఉంటుంది. సిరిమానుకి చింతచెట్టు ఏ తోటలో ఉందో పూజారికి కలలో ఆమే చెబుతుంది. వనం లేకుండా చదురు లేదు. జంషెడ్‌పూర్ చరిత్ర రాసినవాళ్ళు చదురుగుడి దగ్గర మొదలుపెట్టారని నా ఫిర్యాదు.

1907 చివర్లో అమెరికన్ భూగర్భ నిపుణుడు వెల్డ్, ఆయనతో పాటు శ్రీనివాసరావు అనే ఉద్యోగి, కర్మాగారానికి నీళ్ళున్న చోటు వెతుకుతూ ఖర్కాయి ఒడ్డుకి చేరారు. కాస్త దూరంలో ఖర్కాయి వెళ్ళి సువర్ణరేఖలో కలుస్తోంది. ఒడ్డున సాక్చి అనే చిన్న పల్లె. దగ్గర్లోనే బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కాలీమాటి స్టేషను. (శ్రీనివాసరావు పేరు చూసి మా కద్మా పేట పెద్దలు ఆయన్ని ఎప్పుడో తెలుగువాడిగా కలిపేసుకున్నారు. నేను అడ్డు చెప్పలేదు.) 1908 ఫిబ్రవరి 27న మొదటి మేకు దిగింది. భూసేకరణ చట్టం కింద మూడున్నర వేల ఎకరాల పైచిలుకు తీసుకున్నారు. 1911 డిసెంబరులో దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు. 1911 జనగణనలో సాక్చి జనాభా 5,672. పదేళ్ళు తిరిగేసరికి 57,360.

ఆ సంఖ్యల మధ్య పల్లెలు ఏమయ్యాయో ఊరి పేటల పేర్లే చెబుతాయి. బెల్డీ, ధాత్కీడీ, కాశీడీ, బారీడీ. ఇవన్నీ ఒకప్పుడు సంతాలులూ భూమిజులూ మిగతా రైతులూ ఉన్న ఊళ్ళు. ఇప్పుడు బస్సు కండక్టరు అరిచే స్టాపులు. పల్లె లేచిపోతే మనిషి మరోచోట గుడిసె వేసుకోగలడు. విగ్రహమైతే బండెక్కించుకుని పోవచ్చు, మళ్ళీ ప్రతిష్ఠ చేయించుకోవచ్చు, దానికి ఆగమం ఒప్పుకుంటుంది. వరసగా పెరిగిన మూడు సాల చెట్లని ఏ బండి ఎక్కించాలి?

ఊరి ప్లాను గీసినవాళ్ళు చిన్నవాళ్ళు కారు. మొదటిది పిట్స్‌బర్గ్‌కి చెందిన కెనెడీ, సాలిన్‌లది. తర్వాత 1920 ప్రాంతంలో టెంపుల్, ఆ మీదట స్టోక్స్, 1940లలో జర్మన్ కోనిగ్స్‌బెర్గర్. వీళ్ళ గీతల మీద మళ్ళీ గీసి బతికినవాణ్ణి కాబట్టి వాళ్ళ పనితనానికి దండం పెడతాను. వానాకాలంలో మా ఊరి పాత పేటల్లో నీళ్ళు నిలవవు, కాలవ వాలు చూసే రోడ్లు వేశారు. దేవుడి విషయంలో మాత్రం ఉత్తరంలోని మూడు మాటలే వాళ్ళకి పెద్దబాలశిక్ష.

ఆ మాటల ప్రకారం కట్టడాలు లేచాయి. సెయింట్ జార్జ్ చర్చి 1916 నాటికే ఉంది, అంటే ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు రాకముందే. బెంగాలీలు బెల్డీలో కాళీబాడీ కట్టుకున్నారు. సాక్చిలో మసీదు, గురుద్వారా, శీతలామాత గుడి. పార్సీలు కొద్దిమందే అయినా వాళ్ళ ప్రార్థనకి వాళ్ళకో చోటు. ఎవరు ఎక్కణ్ణించి దిగారో వాళ్ళ ఊరి దేవుణ్ణి వెంట దింపుకున్నారు. వీటి గురించి స్మారక సంచికల్లో కావలసినంత రాశారు, నేను మళ్ళీ రాయను.

మావాళ్ళ సంగతి చెబుతాను. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న లైను 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. దాంతో శ్రీకాకుళం పక్క పల్లెలకీ ఖరగ్‌పూర్‌కీ ఒకే కంపెనీ రైలు. ఖరగ్‌పూర్‌లో బండి మారితే కాలీమాటి. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి, యుద్ధంలో ఇక్కడి పట్టాలు చేసిన సాయానికి మెచ్చి సాక్చిని జంషెడ్‌పూర్ చేశాడు, కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. మా వైపు పల్లెల్లో ఈ రెండు పేర్లూ పలకరు. "ఆడు టాటా ఎల్లిపోనాడు" అంటే చాలు. కరువొస్తే రంగూను, లేకపోతే టాటా. రంగూను వెళ్ళడానికి ఓడ కావాలి, టాటాకి టిక్కెట్టు చాలు. మా తాత సోంపేట పక్క పల్లె నుంచి అలా వచ్చి కోక్ ఓవెన్లలో కూలికి చేరాడు.

తాత రోజుల్లో దేవుడికి కావలసినవి తక్కువ. రాములవారి పటం, దీపం, హార్మణీ, రెండు జతల తాళాలు. శనివారం రాత్రి ఎవరో ఒకరి క్వార్టర్ వరండాలో భజన. మా వైపు ఏ పల్లెకెళ్ళినా రామమందిరం ఉంటుంది, గర్భగుడి కంటే అక్కడ భజన చేసే చావిడి ముఖ్యం. పెద్దమనుషుల తగువులు తీరేదీ అక్కడే, ఎండాకాలం మధ్యాహ్నం కునుకు తీసేదీ అక్కడే. టాటా వచ్చినవాళ్ళు మొదట కట్టుకోవాలనుకున్నది అదే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వయసు చెప్పమంటే నేను ఆ వరండాల దగ్గర్నుంచి లెక్క కడతాను. ఇవాళ అక్కడ శ్రీరామనవమికి కల్యాణం, బాలాజీకి బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశికి క్యూ. కమిటీకి ఎన్నికలు కూడా జరుగుతాయి. ఆ రోజుల్లో కద్మా నుంచి గోల్‌మురీ దాకా తెలుగిళ్ళలో వేరే కబురుండదు.

ఆ పైన రాతలో ఎక్కడా లేని భాగం ఒకటుంది. మగాళ్ళు రాములవారి పటం తెచ్చుకున్నారు, ఆడవాళ్ళు అమ్మోరిని తెచ్చుకున్నారు. మా మామ్మ ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మవారి గుడి ముందు మట్టి కొంగున ముడివేసుకుని వచ్చిందట. కూలీలైన్ల వెనక వేపచెట్టు కింద పోసి, దాని మీద ఒక రాయి నిలబెట్టి పసుపు రాసింది. పిల్లలకి అమ్మవారు పోస్తే అక్కడే ముర్రాటలు పోసేవారు, చల్లదనం పెట్టేవారు. అది ఎవరి స్థలం అని ఆమె ఎవరినీ అడగలేదు. ఎవరూ ఆమెను అడగలేదు. నా చిన్నతనంలో ఇలాంటి రాళ్ళు మా చుట్టుపక్కల చాలా ఉండేవి, ఒక్కోదాని వెనక ఒక్కో పల్లె.

అంతకంటే నన్ను ఆశ్చర్యపెట్టేది, మామ్మ రంకిణి గుడికి వెళ్ళడం. కద్మాలో రంకిణీదేవి గుడి ఉంది. ఆమె మా దేవత కాదు. ఘాట్‌శిలా కేంద్రంగా ధల్‌భూమ్‌ని ఏలిన రాజుల ఇలవేల్పు, అంతకు ముందు భూమిజుల తల్లి. "ఆవిడెవరో మనకి తెలీదు కదే" అని తాత అంటే, "ఊరేదైతేటి, అమ్మోరు అమ్మోరే" అనేదిట మామ్మ. ఆమెకి బెంగాలీ రాదు, హిందీ రాదు, సంతాలీ అసలే రాదు. రాయి మీద సింధూరం ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

రంకిణి కథ రాయాలంటే వేరే పుస్తకం కావాలి. పాత గెజిటీర్లు ఆమె పేరెత్తితే నరబలుల మాట రాయకుండా ఉండవు. ఘాట్‌శిలాలో బింద పరబ్ అనే పండగలో రాజు మంచె మీద నుంచి ఎనుబోతుల మీద బాణాలు వేసేవాడనీ రాశాయి. మన వైపు జాతరల్లో దున్నపోతు సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో వింత లేదు. ఘాట్‌శిలాలో చివరి రోజులు గడిపిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రంకిణీదేవి ఖడ్గం మీద ఒక కథే రాశారు. హాతా నుంచి జాదూగోడా వెళ్ళే ఘాటీ దారిలో ఆమెకి ఇంకో గుడి ఉంది, జనం ఎక్కువగా వెళ్ళేది దానికే. ఇప్పుడు కనపడే కట్టడం 1950 ప్రాంతానిది. లోపల దేవత మాత్రం రాయి. ఆ రాయికి 1950తో పని లేదు. కట్టడం తేదీ చూసి గుడి వయసు చెప్పే అలవాటు మనకెంత పనికిరానిదో చూడాలంటే ఆ గుడి చాలు. దాని పొరుగునే 1967లో దేశపు మొదటి యురేనియం గని మొదలైంది. లారీ డ్రైవర్లు ఆ మలుపులో బండి ఆపి దండం పెట్టకుండా పోరు.

కట్టడాల కథలో ఒక చీకటి పేజీ కూడా ఉంది, దాటేయకూడదు. మా మందిరంలో శ్రీరామనవమి అంటే పానకం, వడపప్పు, పందిట్లో కల్యాణం. ఊళ్ళో రామనవమి అంటే అఖాడాల జెండాలు, కర్రలు, ఊరేగింపు. 1979లో ఆ ఊరేగింపు ఏ దారిన పోవాలన్న పంతం ఏప్రిల్ 11న మారణకాండగా మారింది. 108 మంది చనిపోయారు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ సంఘం విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. జంషెట్‌జీ మూడు మతాలకీ విడివిడిగా స్థలాలు పెట్టమన్నారు, పెట్టారు. ఒక గుడి నుంచి బయల్దేరినవాళ్ళు ఇంకొకరి మసీదు ముందు నుంచి నడిచే రోడ్డు మాత్రం ఒకటే. దాన్ని ఏ ప్లానూ విడదీయలేదు, విడదీయకూడదు కూడా.

ఆ ముందు ఏడాది, 1978లో, టాటా వారి టెల్కో కర్మాగారం పక్క ఖడంగాఝార్‌లో స్వామి రంగబాబు భువనేశ్వరి గుడి స్థాపించారు. దక్షిణాది పద్ధతిలో రాజగోపురం, బొమ్మలతో నిండిన అంతస్తులు. దూరం నుంచి చూస్తే ఏ తంజావూరు పక్కనో ఉన్నామనిపిస్తుంది. ఉత్తరాదిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి గోపురం అంటే ఏమిటో చూపించింది అదే. నాకు ఆ గుడి ఇష్టం. దాన్ని చూసి మిగతావాళ్ళకి పుట్టిన గోపురాల యావ ఇష్టం లేదు. పాత అమ్మవారి గద్దెలు ఒక్కొక్కటే టైల్స్ తొడుక్కున్నాయి. పేరు చెప్పను కానీ మా పక్కన ఒక చోట, పసుపు రాసిన రాయిని తీసి మెట్ల కింద సర్దేసి, పైన జైపూర్ పాలరాతి దుర్గని కూర్చోబెట్టారు. కొత్త అమ్మవారికి ఎనిమిది చేతులున్నాయి, పాతామెకి ఒక్కటీ లేదు, అదే ఆమె నేరం. వేపచెట్టు సిమెంటు చప్టా బిగిసి ఎండిపోయింది. శంకుస్థాపన ఫలకం మీద చందాదారుల పేర్లున్నాయి, రాయి నిలబెట్టిన ఆడవాళ్ళ పేర్లు లేవు.

వాటికి కాగితాలు లేవు కదా అని అంటారు. లేవు, నిజమే. కంపెనీ భూమి అంతా లీజు కింద నడిచిన ఊరు ఇది. 2005లో లీజు తిరగరాసినప్పుడు 86 బస్తీలు దానిలోంచి బయటికొచ్చాయి. ఇళ్ళకే పట్టా లేనిచోట వేపచెట్టు కింద రాయికి పట్టా ఎవరిస్తారు? జాహేర్‌థాన్‌లదీ ఇదే బాధ. తోపు చుట్టూ గోడ కట్టుకోమని ఈమధ్య ప్రభుత్వాలు డబ్బులిస్తున్నాయి. గోడ లేకపోవడమే ఆ గుడి లక్షణమని తెలిసిన పెద్దవాళ్ళు కూడా సరే కట్టండి అంటున్నారు, లేకపోతే తోపే మిగలదని. వాళ్ళని తప్పుపట్టను. మ్యాపు భాషలో గోడకి గీత ఉంది, గీత ఉంటేనే గుమాస్తా గౌరవిస్తాడు.

2011 జనగణనలో దాదాపు 50 లక్షల మంది మతం దగ్గర సర్నా, అంటే ఈ తోపుల మతం, అని రాయించుకున్నారు. దానికి ప్రత్యేకమైన గడి లేదు కాబట్టి ఇతరుల్లో కలిసిపోయారు. 2020 నవంబరు 11న జార్ఖండ్ శాసనసభ ఆ గడి పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గుర్తు లేని గుడికి గడి లేని మతం, నా వృత్తివాడికి ఇది ఒకే సమస్యగా కనపడుతుంది.

టాటానగర్ వచ్చే తెలుగువాళ్ళకి ఒక మాట. బిష్టుపూర్ రామమందిరం చూడండి, భువనేశ్వరి గోపురం చూడండి. మర్నాడు స్టేషను అవతల చాయ్‌బాసా రోడ్డు పట్టుకోండి. కొద్ది దూరంలోనే కరండీ, అక్కడ దిశోం జాహేర్ అనే తోపు ఉంది. అదే రోడ్డు మీద ముందుకెళ్ళి హాతాలో తిరిగితే రంకిణి. ఫాల్గుణమైతే బాహా పండగ కుదరవచ్చు. తోపులోకి చెప్పులతో వెళ్ళకండి, నాయకేని అడక్కుండా ఫోటో తీయకండి, సాల పువ్వు కింద రాలినా మీ అంతట మీరు తీసుకోకండి. వాళ్ళు చేతిలో పెడితే మగవాళ్ళు చెవిలో, ఆడవాళ్ళు జడలో పెట్టుకోవాలి. కద్మా, సోనారీ, గోల్‌మురీల్లో పెరిగి ఇప్పుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మీ మామ్మలు ఏ చెట్టు కింద రాయి పెట్టారో, ఏ ఊరి అమ్మోరు ఆవిడో, గుర్తున్నంత వరకు రాసి మీ పిల్లలకివ్వండి. ఆ రాళ్ళు చాలావరకు లేవు, వాటి చోటు చూపించగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు.